కనిపించని మంట: కాళ్ల నరాల నొప్పికి ఊరట ఎలా?
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో దాతల సమక్షంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో.



మన సొసైటీకి వైద్య సహాయం కోసం వచ్చే దరఖాస్తులు మీకు తెలిసినవే. గుండె ఆపరేషన్, డయాలసిస్, క్యాన్సర్, ప్రమాదంలో విరిగిన ఎముకలు. దరఖాస్తుతో పాటు ఆసుపత్రి కాగితాలు ఉంటాయి, జబ్బు పేరు ఉంటుంది, ఖర్చు అంచనా ఉంటుంది. కమిటీ చూస్తుంది, మంజూరు చేస్తుంది. ఇది మంచి పద్ధతే. కానీ కాగితం మీద కనిపించని జబ్బు ఉన్నవారు మన దగ్గరికి దరఖాస్తే పెట్టరు. ఏమని రాయాలో వారికే తెలియదు. అలాంటి ఒక బాధ గురించి ఈ రోజు మీ ముందు మాట్లాడతాను.

మన ఉచిత క్లినిక్‌కు ఆదివారాలు వచ్చేవారిలో మిషన్ కుట్టే దర్జీలు ఉన్నారు, మన గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీలు ఉన్నారు, వలీమా వంటలకు వెళ్లే ఆడవాళ్లు ఉన్నారు. వీరిలో చాలామంది చెప్పే మాట ఒకటే. "డాక్టర్ సాబ్, అరికాళ్లు మండిపోతున్నాయి. చీమలు పాకినట్టు ఉంటుంది. సూదులు గుచ్చినట్టు ఉంటుంది. నడుస్తుంటే దూది మీద కాలు పెట్టినట్టు ఉంటుంది. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేను, తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటాను." మన ఇళ్లలో ఉర్దూలో చెప్పేవారు 'జలన్' అంటారు, 'పాఁవ్ సున్ హోగయే' అంటారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో ఎక్స్‌రేలు, నడుము స్కానింగ్, రక్తపరీక్షలు. అన్నిటి మీదా దాదాపు ఒకటే మాట: నార్మల్.

అక్కడి నుంచి రెండో బాధ మొదలవుతుంది. రిపోర్టులో ఏమీ లేదన్నారు కదా, ఇంకా ఎందుకు మూలుగుతున్నావని ఇంట్లో వాళ్లు అడుగుతారు. పని ఎగ్గొట్టడానికి సాకు అని యజమాని అంటాడు. నజర్ తగిలిందని ఒకరు, హవా పట్టిందని ఇంకొకరు అంటారు. పల్లెల్లో కాళ్లకు వాతలు పెట్టించుకుని వచ్చినవారిని కూడా నేను చూశాను. చివరికి ఆ మనిషికే అనుమానం వస్తుంది, ఇదంతా తన మనసు కల్పనేనా అని.

ఇది కల్పన కాదు. ఎందుకు కాదో చెప్పడానికి గుంటూరు వాళ్లకు పెద్ద పాఠం అవసరం లేదు. మిరపకాయలు తొడిమలు తీసిన చెయ్యి ఎలా మండుతుందో మీకు తెలుసు. ఆ చేతికి నిప్పు తగల్లేదు, చర్మం కాలలేదు, బొబ్బ రాలేదు. థర్మామీటర్ పెట్టి చూస్తే వేడి కూడా ఉండదు. అయినా మంట నిజం. కారణం ఏమిటంటే, మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే చిన్న ద్వారాలు ఉన్నాయి. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే అవి తెరుచుకుని 'కాలుతోంది' అని మెదడుకు కబురు పంపుతాయి. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం వేడి లేకుండానే ఆ ద్వారాన్ని తెరుస్తుంది. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్తకు 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పటాపూటియన్ ఆయనతో కలిసి ఆ బహుమతి అందుకున్నారు.

నరం దెబ్బతిన్నప్పుడు ఇలాంటిదే జరుగుతుంది. మిరపకాయ కూడా అవసరం లేకుండా నరమే తనంతట తాను మంట కబురు పంపుతూ ఉంటుంది. కాబట్టి కాలు చూస్తే బాగానే ఉంటుంది. తప్పు కబురు మోసే తీగలో ఉంది.

ఇక్కడ ఒక మాట సర్దుకోవాలి. తెలుగులో 'నరం' అనే మాటను మనం రెండింటికి వాడతాం. పిక్కల మీద ఉబ్బి కనిపించే నీలం రంగువి రక్తనాళాలు. నేను చెబుతున్నది స్పర్శను, నొప్పిని మోసే నరాల గురించి. గోడల మీద రాసే 'నరాల బలహీనత' ప్రకటనలతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఆ ప్రకటనల వల్ల మగవాళ్లు కొందరు నరాల జబ్బు అని చెప్పుకోవడానికే సిగ్గుపడుతున్నారు. సిగ్గు అవసరం లేదు.

పాదాలకే ముందు ఎందుకు వస్తుంది? కాలి వేలి స్పర్శను మోసే నరకణం వెన్నెముక పక్కన ఉంటుంది. అక్కడి నుంచి దాని పోగు దాదాపు మీటరు పొడవున బొటనవేలి దాకా సాగుతుంది. అంత పొడవు పోగుకు పోషణ అందడం కష్టం. పంట కాలువలో నీరు తగ్గితే చివరి పొలం ముందు ఎండినట్టు, శరీరానికి ఏ ఇబ్బంది వచ్చినా పొడవైన నరాల చివర్లు ముందు దెబ్బతింటాయి. అందుకే మంట రెండు పాదాలలో మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. మోకాళ్ల దాకా వచ్చేసరికి చేతివేళ్లలో కూడా తిమ్మిరి మొదలవుతుంది.

మరి రిపోర్టులు నార్మల్ ఎందుకు వస్తాయి? ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది. నడుము ఎం.ఆర్.ఐ. వెన్నుపూసల మధ్య డిస్కులను, అక్కడి నరాల వేళ్లను చూపిస్తుంది. పాదంలోని నరం అందులో ఉండదు. నరాలకు కరెంటు పెట్టి చేసే పరీక్ష కూడా పెద్ద పోగులనే కొలుస్తుంది. మంటను, వేడిచల్లదనాలను మోసేవి సన్నపోగులు. అవి మాత్రమే దెబ్బతిన్నప్పుడు ఆ పరీక్ష నార్మల్‌గానే వస్తుంది. వాటిని చూడాలంటే చీలమండ పైన 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పోగులను లెక్కపెట్టాలి. అది అన్ని చోట్లా జరగదు, ప్రతి రోగికీ అవసరం కూడా లేదు. రోగి చెప్పేది శ్రద్ధగా విని, పాదాన్ని పరీక్షిస్తే చాలావరకు తెలుస్తుంది. ఫ్రాన్స్ వైద్యులు 2005లో 10 అంశాల చిన్న ప్రశ్నావళి ఒకటి తయారు చేశారు. మంట, తిమ్మిరి, షాక్ కొట్టినట్టు ఉండటం, తాకితే నొప్పి వంటివి అందులో ఉంటాయి. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ అవునని వస్తే అది నరాల నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. దీనికి యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఇప్పుడు కారణాల మాట. 'కారణం తెలియదు' అని అనుకున్న చాలామందిలో కారణం వెతకలేదన్నదే నిజం. మొదటిది షుగరు. బయటపడిన షుగరే కాదు, షుగరు రాబోయే ముందు దశలో కూడా పాదాలు మండవచ్చు. రెండోది బి12 విటమిన్ లోపం. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను, గ్యాస్ అని రోజూ మింగే ఒమెప్రజోల్ వంటి మాత్రలను ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. అలాగని మెట్‌ఫార్మిన్ సొంతంగా మానవద్దు, బి12 పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ తగ్గడం, మూత్రపిండాల జబ్బు, మద్యం కూడా కారణాలే. టి.బి.కి ఇచ్చే ఐసోనియాజిడ్ వల్ల నరాలు దెబ్బతినకుండా దానితో పాటు బి6 ఇస్తారు. కొన్ని క్యాన్సర్ మందులు కూడా ఇలా చేస్తాయి. బలం కోసమని ఎక్కువ మోతాదు బి6 మాత్రలను నెలల తరబడి మింగితే అదే బి6 నరాలను పాడుచేస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి.

కుష్టును మరచిపోకూడదు. 2005 చివరికి దేశస్థాయిలో అదుపులోకి వచ్చిందని ప్రకటించినా, ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనే. స్పర్శ లేని మచ్చ, తిమ్మిరి పట్టిన పాదం ఉంటే చూపించుకోవాలి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, తొందరగా మొదలుపెడితే వైకల్యం రాదు. మన ప్రాంతానికి సంబంధించి ఇంకొకటి ఉంది. దర్శి, పొదిలి, కనిగిరి వైపు నుంచి వచ్చేవారిలో ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు బిగుసుకుని వెన్నుపాము మీద ఒత్తిడి పడవచ్చు. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే.

నరాల నొప్పిలా కనిపించే ఇతర బాధలూ ఉన్నాయి. రాత్రి పడుకోగానే కాళ్లు కదపాలనిపించి, లేచి నడిస్తే తగ్గేది వేరే జబ్బు. రక్తంలో ఇనుము తక్కువైన ఆడవాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. కొంతదూరం నడవగానే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గేది రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల కావచ్చు, బీడీ సిగరెట్లు తాగేవారికి ముప్పు ఎక్కువ. నడుము నుంచి ఒకే కాలిలోకి జారే నొప్పి సియాటికా. మన యునానీ హకీములు దీన్ని 'ఇర్ఖున్నసా' అంటారు. యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలామ్)కు ఈ బాధ ఉండేదని తఫ్సీర్ గ్రంథాలలో ప్రస్తావన ఉంది. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో నొప్పులను 15 రకాలుగా విడదీసి చెప్పాడు. నొప్పి ఎలా ఉందని రోగినే అడగడం వెయ్యేళ్ల నాటి నుంచి మన వైద్య సంప్రదాయంలో ఉన్నదే.

కొన్ని లక్షణాలు ఉంటే ఆదివారం క్లినిక్ కోసం ఆగవద్దు. మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాళ్లలో బలం రోజురోజుకూ తగ్గుతున్నా, పాదం పైకి లేవకపోయినా, పాదం మీద పుండు పడినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

అన్ని పరీక్షలు సరిగా చేసినా కొందరిలో కారణం దొరకదు. ఇది వైద్యానికి ఉన్న హద్దు. కానీ కారణం దొరకనంత మాత్రాన ఉపశమనం దొరకదని కాదు. నొప్పి బిళ్లలుగా మనం కొనే డైక్లోఫెనాక్ వంటివి ఈ నొప్పికి పెద్దగా పనిచేయవు. ఏళ్ల తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు పాడవుతాయి. దీనికి పనిచేసేవి వేరు. అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, డులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్. వీటిలో అమిట్రిప్టిలిన్ చాలా పాత మందు, చవకైన మందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు. సాధారణంగా రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం. ముసలివారికి, గుండె జబ్బు, ప్రోస్టేట్ ఇబ్బంది, నీటికాసులు ఉన్నవారికి చూసి ఇవ్వాలి. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మోతాదు మూత్రపిండాలను బట్టి మారుతుంది. కాబట్టి పక్కింటివారి మాత్ర మీరు వేసుకోకండి.

ఇందులో రెండు చిక్కులు వస్తాయి. ఈ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మూడు రోజులు వాడి మత్తుగా ఉందని, నోరు ఎండిపోతోందని మానేసేవారు చాలామంది. రెండోది, ఆ మందు డిప్రెషన్‌కు వాడేదని ఎవరో చెబుతారు. "నాకు పిచ్చి మందు ఇచ్చారా డాక్టర్ సాబ్?" అని ఒక పెద్దాయన చీటీ నా బల్ల మీద పెట్టి అడిగారు. "చాచా, మీ మనసుకు ఏమీ కాలేదు. ఈ మాత్ర మెదడులోనూ వెన్నుపాములోనూ నొప్పి కబురును తగ్గిస్తుంది, అందుకే తక్కువ మోతాదులో ఇచ్చాను" అని చెప్పాను. ఆయన వాడారు. మంట పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది. రాత్రి నిద్రపడుతోంది, పగలు మిషన్ మీద కూర్చోగలుగుతున్నారు. ఈ జబ్బులో సగం తగ్గడం పెద్ద విజయం. మొదటి రోజే రోగికి ఈ మాట చెబితే డాక్టరు వెంట డాక్టరు, స్కాను వెంట స్కాను అని తిరగడం తగ్గుతుంది.

సబర్ చేయమని మనం రోగులకు తరచు చెబుతాం. అయ్యూబ్ ప్రవక్త (అలైహిస్సలామ్) సహనాన్ని ఉదాహరణగా చూపిస్తాం. ఆయన సహించారు, నిజమే. తన బాధను ప్రభువుకు విన్నవించుకున్నారు కూడా. అప్పుడు కాలితో నేలను తట్టమని ఆజ్ఞ అయింది, స్నానానికీ తాగడానికీ చల్లని నీరు లభించిందని దివ్య ఖురాన్ సాద్ సూరాలో ఉంది. అంటే సహనం, ఊరట కోరడం ఒకదానికొకటి విరుద్ధం కావు. దువా చేయండి, మందు కూడా వేసుకోండి. ఇతరుల నొప్పికి సబర్ సిఫారసు చేసి మన బాధ్యత తీరిందనుకోవడం మాత్రం సబర్ కాదు.

మన ఆరాధనల్లోనే పాదాల రక్షణకు దారి ఉంది. వుజూ చేసేటప్పుడు రోజుకు ఐదుసార్లు పాదాలు కడుగుతాం, వేళ్ల మధ్య చిటికెన వేలితో ఖిలాల్ చేస్తాం. ఆ సమయంలోనే పగుళ్లు, బొబ్బలు, గుచ్చుకున్న ముల్లు ఉన్నాయేమో చూసుకోండి. తర్వాత వేళ్ల మధ్య తడి లేకుండా తుడవండి. వేడినీళ్లయితే ముందు మోచేతితో చూడండి, మొద్దుబారిన పాదానికి వేడి తెలియదు. వేడినీళ్ల సంచితో కాపడం పెట్టకండి. మొద్దుబారిన షుగరు పాదం మీద హిజామా గాట్లు వద్దు. నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకాకపోతే పడుకుని నమాజు చేయవచ్చు. ధర్మం ఇచ్చిన వెసులుబాటు వాడుకున్నవారిని మనం వింతగా చూడకూడదు. రమజాన్‌లో మందుల వేళలు మార్చవలసి ఉంటే ముందే డాక్టర్ను అడగండి, ప్రీగాబలిన్ వంటివి ఒక్కసారిగా ఆపవద్దు. మే నెల జుహర్‌కు మస్జిద్ వాకిట్లోని బండ ఎలా కాలుతుందో మీకు తెలుసు. స్పర్శ లేనివారు మేజోళ్లు వేసుకుని రావాలి, ముతవల్లీలు అక్కడ చాపలు పరిపించాలి. హజ్, ఉమ్రాలకు వెళ్లే షుగరు రోగులకు కూడా ఇదే నా మనవి.

ఇక దాతలైన మీకు నా విన్నపం. నాలుగు పనులు అడుగుతున్నాను.

మొదటిది, కాళ్ల మంటతో వచ్చిన ప్రతి పేదవారికీ షుగరు, బి12, థైరాయిడ్, క్రియాటినిన్, రక్తహీనత పరీక్షలు సొసైటీ ఖర్చుతో చేయించాలి. స్కానింగ్ అవసరమో కాదో వీటి తర్వాత డాక్టరు తేల్చాలి. రెండోది, నెలనెలా మందులు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ వంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉపయోగపడతాయి. ఇంట్లో ఉండి ఏళ్ల తరబడి మింగే మాత్రల ఖర్చు పేదవాడి మీదే పడుతుంది. జన ఔషధి దుకాణాల్లో కొంటే, ఒక్క ఎం.ఆర్.ఐ.కి అయ్యే డబ్బుతో ఒక రోగికి ఏడాదికి పైగా అమిట్రిప్టిలిన్ ఇవ్వవచ్చు. మూడోది, స్పర్శ తగ్గినవారికి మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు. ఒక పుండును ఆపితే ఒక కాలు మిగులుతుంది, ఒక సంపాదన మిగులుతుంది. నాలుగోది, ఒక మనిషి. చదువుకున్న మన అమ్మాయి ఒకరికి శిక్షణ, జీతం ఇచ్చి, ఒక సన్నని నైలాన్ దారం, ఒక ట్యూనింగ్ ఫోర్క్ చేతికిస్తే, పాదాల పరీక్ష చేస్తుంది, మందు మానేసినవారి ఇంటికి వెళ్లి కనుక్కుంటుంది. ఆడవాళ్లు తమ బాధను ఆమెతో మనసు విప్పి చెప్పుకుంటారు.

వీటిలో ఏది జకాత్ నుంచి, ఏది సదఖా, లిల్లాహ్ నిధుల నుంచి ఖర్చు చేయాలన్నది వేదిక మీద ఉన్న ఉలమా నిర్ణయిస్తారు. నేను చెప్పేది ఒక్కటే. ఆపరేషన్‌కు ఇచ్చిన లక్ష రూపాయలకు ఒక ఫొటో, ఒక కృతజ్ఞతా పత్రం ఉంటాయి. నెలకు కొద్దిపాటి మాత్రలకు ఇచ్చిన డబ్బుకు చూపించడానికి ఏమీ ఉండదు. ఒక మనిషి రాత్రి నిద్రపోయాడు, పొద్దున ఫజర్‌కు లేచి పనికి వెళ్లాడు అన్నది మాత్రమే ఉంటుంది. అది వార్షిక నివేదికలో అంకెగా కనిపించకపోయినా, అల్లాహ్ దగ్గర నమోదవుతుంది.

ఈ సమావేశం నుంచి ఇంటికి వెళ్లాక మీ ఇంట్లోని పెద్దవారిని, మీ దుకాణంలో పనిచేసేవారిని ఒక్క ప్రశ్న అడగండి: "రాత్రి కాళ్లు మండుతున్నాయా?" అవునంటే నమ్మండి. నమ్మి మా దగ్గరికి పంపండి.

మనందరి దానధర్మాలను అల్లాహ్ స్వీకరించుగాక. రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.